కరెంటు కాలువలో తాబేలమ్మ

ఇంట్లోకి పిచ్చుక వచ్చిందనుకోండి. కిటికీలోంచి దూరి, హాల్లో ఓ చుట్టు చుట్టి, బయటికి దారి తెలీక గోడలకు కొట్టుకుంటూ ఉంటుంది. అప్పుడు మనం మొట్టమొదట చేసే పనేమిటి? "ముందు ఫ్యాను ఆపండర్రా!" అని కేకేస్తాం. తర్వాత తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి, తువ్వాలుతో మెల్లగా అదిలిస్తాం. అది బయటికెళ్లి గోడ మీద వాలితేగానీ మన మనసు కుదుటపడదు.

సరే... ఆ ఫ్యాను ఆపడానికి వీల్లేనిదైతే? వచ్చింది పిచ్చుక కాక, ఇద్దరు ముగ్గురు మనుషులు పడితేగానీ లేవని తాబేలైతే? అదీ ఒకటీ అరా కాదు, ఏడాదికి వందల్లో వస్తూ ఉంటే?

నమ్మశక్యంగా లేదు కదూ! కానీ అలాంటి చోటు ఒకటుంది. అక్కడ 1976 నుంచీ ఇదే పని. వచ్చిన తాబేలును పట్టుకోవడం, ఒళ్లంతా చూడడం, మళ్లీ సముద్రంలో వదిలిపెట్టడం. ఇప్పటికి అలా పట్టి వదిలినవి పదివేలు దాటాయి.

పాలగిన్నె, నీళ్ల పళ్లెం

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం తూర్పు తీరాన హచిన్సన్ ఐలాండ్ అనే సన్నటి, పొడుగాటి దీవి ఉంది. ఒకపక్క అట్లాంటిక్ మహాసముద్రం, ఇంకోపక్క ఉప్పునీటి కయ్య. ఆ దీవి మీదే సెయింట్ లూసీ అణు విద్యుత్ కేంద్రం ఉంది. మొదటి యూనిట్ 1976లో, రెండోది 1983లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టాయి.

"కరెంటు తయారు చేసేవాళ్లకి సముద్రంతో ఏం పని?" అంటారా? వంటింటి లెక్కలో చెప్పుకుందాం. పసివాడికి పాలు చల్లార్చాలంటే ఏం చేస్తాం? వేడి పాలగిన్నెను నీళ్ల పళ్లెంలో పెడతాం. పాలు నీళ్లలో కలవవు, వేడి మాత్రం నీళ్లలోకి పోతుంది. విద్యుత్ కేంద్రంలో జరిగేదీ అదే. నీటిని మరిగించి ఆవిరి చేస్తారు. ఆ ఆవిరి పెద్ద చక్రాన్ని తిప్పితే కరెంటు పుడుతుంది. పని అయిపోయిన ఆవిరిని చల్లార్చి మళ్లీ నీరు చేయాలి. అందుకు వేలాది సన్నటి గొట్టాలగుండా సముద్రపు నీటిని పారిస్తారు. ఆవిరి ఆ గొట్టాలకు బయట, సముద్రపు నీరు లోపల. రెండూ కలవవు. వేడెక్కిన నీరు ఇంకో కాలువ గుండా మళ్లీ సముద్రంలోకే పోతుంది.

మన పాలగిన్నెకు ఒక చెంబెడు నీళ్లు చాలు. అక్కడ రెండు యూనిట్లకూ కలిపి నిమిషానికి దాదాపు 10 లక్షల గ్యాలన్లు కావాలి! (అమెరికా గ్యాలనంటే 3.8 లీటర్లు.) అన్ని నీళ్లు తోడుకోవడానికి ఒడ్డు నుంచి సుమారు 365 మీటర్ల దూరాన, సముద్రం అడుగున మూడు గొట్టాలు పెట్టారు. రెండింటి వెడల్పు 12 అడుగులేసి, మూడోది 16 అడుగులు. ఆ పెద్ద గొట్టంలో మన ఆర్టీసీ బస్సు సునాయాసంగా పట్టేస్తుంది!

నీడ కోసం వచ్చి...

ఇక కథలోకి తాబేలు వస్తుంది. ఆ తీరం తాబేళ్లకు పుట్టిల్లు. ఏటా మార్చి నుంచి అక్టోబరు దాకా ఆ ఇసుకలో గుడ్లు పెట్టడానికి వస్తూనే ఉంటాయి. గుడ్లు పెట్టని పిల్ల తాబేళ్లు కూడా దగ్గరి నీళ్లలో మేత కోసం తిరుగుతుంటాయి. తాబేలుకు రాతి గుహలన్నా, మరుగు చోట్లన్నా ఇష్టం. కాసేపు విశ్రాంతిగా పడుకోవచ్చు, చుట్టూ నాచూ, చిన్నాచితకా తిండీ దొరుకుతాయి. పాపం, దానికి ఆ గొట్టం మూతి కూడా ఓ గుహలాగే కనబడుతుంది కాబోలు. దగ్గరికొస్తుంది. అంతే! లోపలికి లాగే నీటి వేగానికి ఎదురు ఈదలేదు.

చీకటి గొట్టంలో మూడు నుంచి అయిదు నిమిషాల ప్రయాణం. ఇసుక దిబ్బల కిందుగా కొట్టుకొచ్చి, ఒక్కసారిగా వెలుతురున్న కాలువలో తేలుతుంది. సుమారు కిలోమీటరున్నర పొడుగున్న కాలువ అది. ముందుకు పోతే పెద్ద పంపులు. వెనక్కి వెళ్దామంటే గొట్టంలోంచి వరద. వచ్చిన దారిన పోలేదు, కొత్త దారి లేదు. మన పిచ్చుక పరిస్థితే.

అయితే గొట్టంలో వచ్చిన అన్ని తాబేళ్లకూ దెబ్బలు తగలవు. చాలావాటికి ఏమీ కాదు. కొన్నిటికి మాత్రం గొట్టం లోపలి గోడలకు అంటుకుని పెరిగే గరుకు గవ్వలకు రాసుకుని డిప్ప గీరుకుపోతుంది. అందుకే గొట్టాలు శుభ్రం చేయించడం కూడా తాబేళ్ల రక్షణలో భాగమే అయింది.

అడ్డువల కథ

మొదట్లో తాబేళ్లు కాలువ పొడుగునా పోయి పంపుల దాకా చేరేవి. 1978లో కాలువకు అడ్డంగా ఓ వల కట్టారు. దాని కన్ను 8 అంగుళాలు. పెద్ద తాబేళ్లు వల ఇవతలే ఆగిపోయాయి. హమ్మయ్య అనుకున్నారు.

కానీ 1990ల నడుమ ఓ కొత్త చిక్కు వచ్చింది. పచ్చ తాబేళ్ల పిల్లలు ఎన్నడూ లేనంతగా రావడం మొదలుపెట్టాయి. ఒక రకంగా అది శుభవార్తే, సముద్రంలో వాటి సంఖ్య పెరుగుతోందన్నమాట. కానీ చిన్నవి గదా, 8 అంగుళాల కన్నులోంచి దూరిపోయేవి. దాంతో 1996లో 5 అంగుళాల కన్నున్న ఇంకో వలను గొట్టాలకు మరింత దగ్గరగా కట్టారు. పప్పు జల్లించే జల్లెడతో రవ్వ జల్లించలేం గదా! ఏ గింజకు ఆ జల్లెడ కావాలి.

వల కట్టేశాం, ఇక నిశ్చింతగా ఉండొచ్చు అనుకుంటే పొరపాటే. ఇక్కడే అసలు మెలిక ఉంది. తాబేలు నీళ్లలో ఉన్నా చేపలాగా మొప్పలతో ఊపిరి తీసుకోదు. దానికీ మనలాగే ఊపిరితిత్తులున్నాయి. పైకొచ్చి గాలి పీల్చుకోవాల్సిందే. ప్రశాంతంగా నిద్రపోయేటప్పుడు గంటల తరబడి నీళ్లలో ఉండగలదు. అదే వలలో చిక్కి గింజుకుంటుంటే ఊపిరి ఇట్టే అయిపోతుంది. అడ్డువల మీద నాచు పేరుకున్నా, జెల్లీ చేపల గుంపు వచ్చి పడినా ఆ బరువుకు వల కుంగిపోతుంది. కుంగిన వల మడతల కింద తాబేలు చిక్కుకుంటే పైకి రాలేదు. కాపాడటానికి కట్టిన వలే ప్రాణం తీస్తుంది!

అలా పోయిన ప్రాణాలు కూడా ఉన్నాయి. దాచుకోవాల్సిన పనిలేదు, ప్రతిదీ లెక్కలో రాశారు. అందుకే వలను బిగుతుగా ఉంచడం, నాచు దులపడం, కాలువలో మేట వేసిన మట్టిని తవ్వి తీయించడం, ఈతగాళ్లు నీళ్లలోకి దిగి అడుగు దాకా తడిమి చూడడం, ఇవన్నీ నిత్యం సాగాల్సిన పనులు. ఇల్లు ఒకసారి ఊడ్చేస్తే అయిపోతుందా? రేపు మళ్లీ ఊడ్వాలి. ఇదీ అంతే.

జెల్లీ చేపలంటే గుర్తొచ్చింది. 2011 ఆగస్టులో అవి ఎంత పెద్ద గుంపుగా వచ్చాయంటే, ఏకంగా విద్యుత్ కేంద్రాన్నే ఆపాల్సి వచ్చింది. కొండంత యంత్రాన్ని, ఎముకలైనా లేని జీవి ఆపేసింది చూశారా!

కాలువ మీద ఓ పగలు

మరి తాబేళ్లను పట్టేదెలా? పొద్దున్నే కాలువలో పెద్ద కన్నుల వలలు దింపుతారు. వంద అడుగులకు పైగా పొడుగుంటాయి. ఈ వలల పైఅంచుకు తేలే బెండ్లు ఉంటాయిగానీ, కింది అంచుకు బరువులు కట్టరు. ఎందుకో చెప్పుకోండి చూద్దాం? వలలో చిక్కిన తాబేలు వలతో సహా పైకి ఈదుకొచ్చి ఊపిరి పీల్చుకోగలగాలని! చేపలవాడి వలకూ, ఈ వలకూ తేడా ఆ ఒక్క సంగతిలో ఉంది.

వల దింపి ఇంటికెళ్లిపోరు. వల నీళ్లలో ఉన్నంతసేపూ మనిషి కన్ను దాని మీద ఉండాల్సిందే. బెండు కదిలిందా, పడవ కదులుతుంది. పొయ్యి మీద పాలు పెట్టి మనం అక్కడే నిలబడమూ? సరిగ్గా అంతే. పక్కకు తిరిగితే పొంగుతాయని మనకు తెలుసు. సాయంత్రం పని ముగిసేవేళకు వలలు బయటికి తీసేస్తారు. కాపలా లేకుండా వల వేసి ఉంచకూడదు.

నీళ్లు తేటగా ఉన్నరోజున ఈతగాళ్లు దిగి చేతులతోనే పట్టుకొస్తారు. చిన్నవాటిని పొడుగు కర్రకు కట్టిన జాలీ బుట్టతో పైకి తీస్తారు.

ఒడ్డుకు చేరాక అసలు మర్యాదలు మొదలు. డిప్ప పొడుగూ వెడల్పూ కొలుస్తారు. తూకం వేస్తారు. గాయాలున్నాయేమో చూస్తారు, ఫోటో తీస్తారు. తెడ్డు లాంటి ముందు కాళ్లకు నంబరున్న లోహపు బిళ్ల తగిలిస్తారు. చర్మం కిందకి బియ్యపుగింజంత చిప్ ఒకటి ఎక్కిస్తారు. బిళ్ల ఊడిపోయినా ఆ చిప్‌ను బట్టి ఇది ఫలానా తాబేలని పోల్చుకోవచ్చు. బాలింతల వార్డులో పసిపిల్ల చేతికి చీటీ కట్టినట్టన్నమాట! ఒంట్లో బాగున్నవాటిని సాధారణంగా ఆ రోజే దగ్గర్లోని సముద్రంలో వదిలేస్తారు.

బాగాలేనివాటిని ఆసుపత్రికి పంపుతారు. ఔను, ఫ్లోరిడాలో తాబేళ్లకు ఆసుపత్రులున్నాయి. జూనో బీచ్‌లో ఒకటి, మరథాన్ అనే ఊళ్లో ఇంకొకటి పేరున్నవి. పచ్చ తాబేళ్లకు ఒక వైరస్ జబ్బు వస్తుంది. కళ్ల మీదా, మెడ మీదా కాలీఫ్లవర్ పువ్వుల్లాంటి కణితులు లేస్తాయి. కళ్లు కప్పుకుపోతే తిండి వెతుక్కోలేక ఎండిపోతాయి. ఆసుపత్రుల్లో ఆ కణితులను ఆపరేషను చేసి తీస్తారు.

కొన్ని తాబేళ్లు వదిలాక మళ్లీ అదే గొట్టంలోంచి వచ్చేస్తాయి. బిళ్ల నంబరు చూడగానే పాత చుట్టమని తెలిసిపోతుంది. "మళ్లీ వచ్చావుటే!" అనుకోవడం తప్ప ఏం చేస్తాం? మళ్లీ కొలవాలి, మళ్లీ మోయాలి, మళ్లీ వదలాలి. అయితే అందులోనూ ఓ లాభం ఉంది. పోయినసారి కొలతకూ ఈసారి కొలతకూ తేడా చూస్తే అది ఏడాదికెంత పెరుగుతోందో తెలిసిపోతుంది.

అయిదుగురు అతిథులు

ఈ కాలువకు వచ్చేవి అయిదు జాతులు.

లాగర్‌హెడ్: పెద్ద తల, గట్టి దవడలు. పీతలనూ, శంఖాలనూ పటపటా కొరికేస్తుంది. పెద్దవి వంద కిలోలు దాటుతాయి.

పచ్చ తాబేలు: పెద్దయ్యాక శాకాహారి. నాచూ, సముద్రపు గడ్డీ తింటుంది. దాని కొవ్వు పచ్చగా ఉంటుంది గనుక ఆ పేరు. ఆ కొవ్వుతోనే ఒకప్పుడు దొరల విందుల్లో సూప్ కాచుకున్నారు. అలా తినీ తినీ తాబేళ్లను తగ్గించేశారు.

లెదర్‌బ్యాక్: అన్నిటికంటే పెద్దది. గట్టి డిప్ప ఉండదు, తోలు లాంటి వీపు. 300 కిలోలు దాటినవి మామూలే. ఇది వస్తే ఒడ్డుకు చేర్చడానికి బలగమంతా కదలాల్సిందే.

హాక్స్‌బిల్: గద్దముక్కు లాంటి మూతి. దీని డిప్ప పెంకులతోనే ఒకప్పుడు దువ్వెనలూ, గాజులూ, నగల పెట్టెలూ చేసేవారు. మన ఆడవాళ్ల అలంకారానికి అది కట్టిన వెల అంతా ఇంతా కాదు. ఇప్పుడు దేశాల మధ్య దీని వ్యాపారం నిషేధం.

కెంప్స్ రిడ్లీ: అయిదింటిలో చిన్నదీ, అరుదైనదీ. 1985లో ఈ జాతి మొత్తానికీ లెక్కకొచ్చిన గూళ్లు 702 మాత్రమే. అలాంటిది కాలువలో ఒక్కటి కనిపించినా ఎంత జాగ్రత్తగా చూసుకోవాలో ఆలోచించండి.

ఇది దయ కాదు, బాధ్యత

"పాపం, ఎంత మంచి కంపెనీ!" అనుకుంటున్నారా? కాస్త ఆగండి. గొట్టం పెట్టింది వాళ్లే. గొట్టం లేకపోతే కాలువలోకి తాబేలు వచ్చేదే కాదు. అంతరించిపోతున్న జీవులను కాపాడేందుకు అమెరికాలో 1973లో ఓ చట్టం వచ్చింది. దాని ప్రకారం, ఏ పని వల్లనైనా అలాంటి జీవికి హాని జరిగే వీలుంటే ప్రభుత్వ శాఖ ముందే షరతులు పెడుతుంది. ఇన్నిటికి మించి చావకూడదని హద్దు గీస్తుంది. హద్దు దాటితే మళ్లీ మొదటి నుంచీ సంజాయిషీ చెప్పుకోవాలి, కొత్త జాగ్రత్తలు తీసుకోవాలి. అందుకే కాలువ దగ్గర పుస్తకంలో ప్రతి తాబేలుకూ ఓ వరుస ఉంటుంది, బతికినదానికీ, పోయినదానికీ కూడా.

మీకు ఇంకో అనుమానం వచ్చే ఉంటుంది. "ఇంత తంటా ఎందుకు? గొట్టం మూతికే జాలీ బిగిస్తే సరిపోదూ?" అని. మంచి ప్రశ్నే! ఆ ఆలోచన చాలాకాలంగా ఉన్నదే. కానీ మన సింకు జాలీ సంగతి మనకు తెలీదా? నాలుగు మెతుకులు పడితే నీళ్లు నిలిచిపోతాయి. సముద్రం అడుగున జాలీకి నాచు పడుతుంది, గవ్వలు పెరుగుతాయి, జెల్లీ చేపలు అతుక్కుంటాయి. నీళ్లు అందకపోతే కేంద్రానికి కష్టం. జాలీకి ఆనుకుపోయి తాబేలే ఊపిరాడక పోవచ్చు కూడా. కాలువలోనైతే మనిషి చూస్తాడు, తీస్తాడు. నడిసముద్రం అడుగున చూసేదెవరు?

ఇంత కష్టం వల్ల ఒరిగిందేమిటంటారా? వచ్చిన తాబేళ్లలో అత్యధిక శాతం ప్రాణాలతో సముద్రానికి వెళ్లాయి. అది మొదటి లాభం. రెండోది లెక్క. తాబేళ్లను లెక్కపెట్టడం మహా కష్టం. ఒడ్డెక్కి గుడ్లు పెట్టే తల్లులనైతే లెక్కపెట్టొచ్చు. సముద్రంలో తిరిగే పిల్లలనూ, మగవాటినీ ఎవరు చూశారు? మగ తాబేలు పుట్టి నీళ్లలోకి దిగాక ఒడ్డెక్కడమే అరుదు. కాలువ వాటన్నిటినీ తెచ్చి చూపించింది. దాదాపు యాభై ఏళ్లుగా ఒకేచోట రాస్తూ వచ్చిన ఆ లెక్కలు ఇవాళ శాస్త్రజ్ఞులకు పెద్ద ఆస్తి. కేంద్రం కట్టకముందే, 1971లోనే, ఆ దీవి మీద తాబేటి గూళ్ల లెక్క మొదలైంది. ముందెలా ఉంది, తర్వాతెలా ఉంది అని పోల్చుకోవడానికి అది ఆధారమైంది.

పచ్చ తాబేళ్ల సంగతే చూడండి. ఫ్లోరిడాలో ఎంపిక చేసిన తీరాల్లో 1989లో పద్ధతిగా లెక్క మొదలుపెట్టినప్పుడు వాటి గూళ్లు వందల్లో ఉండేవి. 2023లో ఆ రాష్ట్రం మొత్తమ్మీద 76 వేలు దాటాయి. ఇది ఒక్క కాలువ వల్ల జరిగింది కాదు. వేట ఆపడం, ఒడ్డున రాత్రిళ్లు దీపాలు తగ్గించడం, రొయ్యల వలలకు తాబేలు తప్పించుకుపోయే చిన్న తలుపు పెట్టడం, అన్నీ కలిస్తేనే అయింది. కానీ పెరుగుతున్నాయన్న కబురు ముందే అందించినవాటిలో ఆ కాలువ కూడా ఒకటి. అదే, 1990ల్లో వల కన్నులోంచి దూరిపోయిన పిల్లల రూపంలో!

మన ఒడ్డుకీ వస్తాయి

ఇదంతా ఎక్కడో అమెరికా కబురు అనుకోకండి. కూర్మావతారాన్ని పూజించే వాళ్లం మనం. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం గుడికి వెళ్లినవాళ్లు అక్కడి నక్షత్ర తాబేళ్లను చూసే ఉంటారు. అవి నేల తాబేళ్లు. సముద్రపు తాబేళ్లు కూడా ఏటా చలికాలం చివర్లో మన తీరానికి వస్తాయి. శ్రీకాకుళం, విశాఖ నుంచి కృష్ణా జిల్లా నాగాయలంక వైపు దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రివేళ ఒడ్డెక్కి, ఇసుకలో గుంట తవ్వి, ఒక్కో విడతకు వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, గుంట కప్పి వెళ్లిపోతాయి. కుక్కలూ నక్కలూ తినెయ్యకుండా ఆ గుడ్లను అటవీశాఖవాళ్లూ, స్వచ్ఛంద సంస్థలవాళ్లూ ఏరి, కంచె వేసిన చోట పూడ్చి, పిల్లలయ్యాక సముద్రంలో వదులుతారు.

గుడ్డులో ఉన్నది ఆడో మగో తేల్చేది ఇసుక వేడి. సుమారు 29 డిగ్రీలు దాటితే ఆడపిల్లలెక్కువ, తగ్గితే మగపిల్లలెక్కువ. తాబేళ్లలో ఆడపిల్ల పుట్టిందని ఎవరూ మొహం ముడుచుకోరు లెండి!

మన దగ్గర ఈ తాబేళ్లకు పెద్ద గండం మరపడవల వలలు. అక్కడ అడ్డువల మడత కింద జరిగిందే ఇక్కడ సముద్రంలో జరుగుతుంది. వలలో చిక్కి, పైకి రాలేక, ఊపిరాడక పోతాయి. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందలాది ఆలివ్ రిడ్లీలు చచ్చి కొట్టుకొచ్చాయి. వల వేసినవాడు చెడ్డవాడని కాదు. గంటల తరబడి వలను ఎవరూ చూడరు, అంతే. చూసే కన్నుంటే ప్రాణం నిలుస్తుంది, లేకపోతే పోతుంది.

పొద్దున్నే స్విచ్ వేసి మిక్సీలో చట్నీ తిప్పుకుంటాం. ఆ కరెంటు వెనక ఎక్కడో ఒక గొట్టం, ఒక కాలువ, ఒక చక్రం ఉంటాయి. ఫ్యాను ఆపలేని ఇల్లు అది. ఆపలేనప్పుడు కనీసం కిటికీ దగ్గర ఒక మనిషి నిలబడాలి. ఇవాళ నిలబడి రేపు మానేస్తే చాలదు. ఆ నిత్యపు కాపలా అంటే ఏమిటో పాలు పొంగకుండా చూసుకునే మనకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

బీచ్‌కి వెళ్లినప్పుడు...

- జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రిపూట తీరంలో టార్చీలు, ఫోను లైట్లు, ఫ్లాషులు వాడకండి. తల్లి తాబేలు బెదిరి గుడ్లు పెట్టకుండానే వెనుదిరుగుతుంది. పిల్లలు సముద్రపు వెలుగనుకుని దీపాలవైపు పాకుతాయి.

- ఇసుకలో గుడ్లు కనిపిస్తే తవ్వొద్దు, ఇంటికి తేవొద్దు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అది నేరం. అటవీశాఖవాళ్లకు కబురు చేయండి.

- ఒడ్డున నీరసంగా పడి ఉన్న తాబేలును నీళ్లలోకి తోసెయ్యకండి. అది మునిగిపోవచ్చు. చుట్టూ జనం మూగకుండా చూసి, నీడ పట్టి, తెలిసినవాళ్లను పిలవండి.

- పల్లీలు తిన్న ప్లాస్టిక్ సంచిని సంచీలోనే వేసుకుని ఇంటికి తెచ్చేయండి. నీళ్లలో తేలే ఆ సంచి తాబేలు కంటికి జెల్లీ చేపలా కనిపిస్తుంది. తింటే పేగులకు అడ్డం పడుతుంది.

- పుట్టిన పిల్ల తాబేలును ఎత్తుకుని నీళ్లలో వేయాలని పిల్లలు ముచ్చటపడతారు. వద్దని చెప్పండి. దాని దారిన దాన్ని పాకనిచ్చి, దూరం నుంచి చూడనివ్వండి.